మేకు

అకార్డియన్ వేలాడిన మేకుకే
ఇప్పుడు మందు సంచి.
"స్టాండు తెస్తాను" అంది తూలిక్కి.
వద్దన్నాను. నలభై ఏళ్లు బరువు మోసిన మేకు,
దాని పని దాన్ని చేసుకోనీ.

మంచు బూట్లు గుమ్మంలోనే విడిచి
ఉన్ని మేజోళ్లతో లోపలికొస్తుంది.
నన్ను ముట్టుకోబోయే ముందు
వేళ్లు తన మెడకి ఆనించి చూసుకుంటుంది.

ఫ్రిజ్‌లో లింగన్ పళ్ల జామ్ పక్కన
వారానికి సరిపడా సంచులు.
అరగంట ముందు తీసి బల్ల మీద పెట్టడం నా వంతు.
మరిచిపోయిన రోజు
మోచేతి దాకా ఔలు నది గడ్డకట్టింది.

రెండోవారం పంపు కూసింది. గొట్టంలో గాలి బుడగ.
"కూత కాస్త శ్రుతి తక్కువ" అన్నాను.
గొట్టాన్ని గోటితో మీటుతూ నవ్వింది.
మర్నాడు సంచితో పాటు ఓ పెట్టె కూడా మోసుకొచ్చింది.
వాళ్ల తాతదట. రెండు మీటలు మూగబోయాయట.

అప్పటినుంచి మందు ఎక్కే గంటసేపూ
రీడు పలకని మోకాళ్ల మధ్య బిగించి
ఒంటి చేత్తో గీకుతుంటాను.
సూది ఉన్న చెయ్యి కదపకూడదు కదా,
నాడి చూసి, కాగితాలు నింపి,
తిత్తి ఆమే లాగాలి.

నిన్న ఒక మీట పలికింది.
రెండోది ఇంకా మొండికేస్తోంది.
శుక్రవారంతో మందు ఆఖరు.
నేనేమీ తొందరపడటం లేదు.