త, ఖాళీ, ధి, మి

స్టర్ట్ వీధి ఎర్రలైటు దగ్గర
కారు వణికింది.
వణుకు నాదేననుకున్నాను ముందు.
బల్లారాట్‌లో జులై పొద్దు, అద్దం మీద కరగని మంచు,
రాత్రంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచిన చేతులు.
తర్వాత పసుపు దీపం కన్నుకొట్టడం మొదలెట్టింది.

గారేజీవాడు ఫోన్లోనే ధర చెప్పాడు. ఆరువందల ఎనభై,
వచ్చే గురువారం దాకా ఖాళీ లేదు.
"అమ్మేయ్ వదినా, రెండు లక్షల ముప్ఫై వేల కిలోమీటర్ల ముసలిది" అన్నాడు మరిది.
వాడికేం, మెల్‌బోర్న్‌లో ట్రామెక్కి పోతాడు.

పక్కింటి కెల్విన్ దగ్గర
కోడ్ చదివే పరికరం అరువు తెచ్చాను.
స్టీరింగ్ కింద తల దూర్చి తగిలిస్తే
మూడో సిలిండర్ అంది.
ఊరు చెప్పింది గాని జబ్బు పేరు చెప్పలేదు.

బానెట్ ఎత్తి విన్నాను.
చిన్నప్పుడు విజయనగరంలో
మా గోడకవతల మృదంగం క్లాసు.
నేను నేర్చుకోలేదు. గోడ నేర్చుకుంది, గోడకానుకుని నేను.
త క ధి మి.
ఇంజను మండే వరస వేరు: ఒకటి, మూడు, నాలుగు, రెండు.
అంటే మూడోది పలకకపోతే
త, ఖాళీ, ధి, మి
అని కాగితం మీద లెక్క.
చెవికి మాత్రం ఒకటి తక్కువని తెలుస్తుంది, ఏదో తెలీదు.
తిరిగే చక్రంలో మొదలెక్కడ?

టార్చి పట్టుకుంది ఇందీవర, తొమ్మిదేళ్ళు,
వెలుగంతా నా మొహానికే కొడుతూ.
"అది చచ్చిపోయిందా అమ్మా?"
లేదే. గాలి పీలుస్తుంది. పెట్రోలు తాగుతుంది.
అందరితోపాటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది.
మండదు, అంతే.
తాగింది తాగినట్టు బయటికి వదిలేస్తుంది.
మిగతా మూడూ దాని బరువు లాగుతాయి.

చెప్పాక కాసేపు రెంచి కదల్లేదు నా చేతిలో.
రాత్రుళ్ళు మా బల్ల దగ్గర నలుగురం.
మొయిరా మార్చి నుంచీ
దుప్పటి అంచు పట్టుకుంటుంది, మడుస్తుంది, అందిస్తుంది.
టీ కప్పు నిండుగానే సింకులో పారబోస్తుంది.
మేం ముగ్గురం ఏమీ అనం. కొంచెం త్వరగా మడుస్తాం.

సరే, పని.
పది నంబరు బోల్టు. మూడో కాయిల్ ఊడదీసి రెండోదాని చోట,
రెండోది మూడోదాని చోట.
కెల్విన్ చెప్పిన పరీక్ష ఇది:
జబ్బు కాయిల్‌దైతే కాయిల్ వెంట పోతుంది,
ఇంటిదైతే ఇంట్లోనే ఉంటుంది.

మధ్యలో బోల్టు జారింది.
టింగ్, టింగ్, ఆపైన ఏ చప్పుడూ లేదు.
నేల మీద పడలేదు, లోపలెక్కడో కూర్చుంది.
గంటంపావు వెతికాను. తిట్టాను,
ఇందీవరకి అర్థమయ్యే తెలుగులోనే.
అది ఇంట్లోకెళ్ళి ఫ్రిజ్ మీది కోలా అయస్కాంతం తెచ్చింది,
ఉన్ని దారం కట్టి గాలం వేసినట్టు వదిలింది.
మూడోసారికి
బోల్టు కరుచుకుని పైకొచ్చింది కోలా.

కోడ్ చెరిపి మళ్ళీ స్టార్ట్ చేస్తే
రెండో సిలిండర్ అంది.
జబ్బు ఇల్లు మారింది!
ఎగిరి గంతేసినంత పని చేశాను.
పాడైందేదో తేలినందుకే ఇంత సంబరమా అని
నాకే నవ్వొచ్చింది.

కొత్త కాయిల్ తొంభై రెండు డాలర్లు.
పాతదాని రబ్బరు గొట్టం ఎండలో తిప్పి చూస్తే
వెంట్రుకంత చీలిక.
నిప్పురవ్వ పుట్టకపోలేదు, రోజూ పుట్టింది.
మండాల్సిన చోటికి చేరకుండా
ఇందులోంచే జారిపోయింది ఇన్నాళ్ళూ.

బాగైన ఇంజను ఏమీ చెప్పదు.
బానెట్‌కి చెవి ఆనించి ఇందీవర
"ఏం వినపడట్లేదు" అని ఫిర్యాదు చేసింది.

తొమ్మిదిన్నరకి షిఫ్టు. గోళ్ళలో నలుపు పోలేదు.
రోజూ వెళ్ళే దారి వదిలి
మొయిరా వాళ్ళ వీధిలోకి తిప్పాను.
ఆమె బస్సుకి ఇంకా టైముంది.
వరండాలో దీపం.
హారన్ కొట్టలేదు.
దిగాను.