నోరూరు

సాలిగ్రామంలో ఇరవై రెండేళ్ళుగా
నా నోరే నా అన్నం గిన్నె.
తెర మీద పిల్ల పెదవి విప్పితే
చీకటి గదిలో నేను మాట పోస్తాను.
దానికి పంతొమ్మిది, నాకు నలభై ఎనిమిది.
ఆ సంగతి గాజుకి అవతల కూర్చున్న సెల్వానికి తెలుసు,
మైకుకి తొడిగిన నల్ల స్పాంజికి తెలుసు.

స్పాంజి అందరిదీ.
పొద్దున్న విలన్ అరుస్తాడు, మధ్యాహ్నం నేను ఏడుస్తాను.
ఒకరోజు ఏడుపు మధ్యలో
నా వాసన నాకే తగిలింది.
ఇంటికెళ్ళి పళ్ళు తోమితే
సింకులో ఎర్రటి చార.

అప్పట్నుంచి సంచీలో నీలం సీసా.
రోజుకి నాలుగుసార్లు, నాలుక మొద్దుబారేదాకా
పుక్కిలించి ఉమ్మి, ‘చచ్చాయి’ అనుకునేదాన్ని.
ఎవరు చచ్చారో అడగలేదు.

డాక్టర్ యాళిని అడిగింది.
వడపళనిలో టైలరు కొట్టు మీద మేడ, కింద కుట్టుమిషన్ల చప్పుడు.
చిగురంచున గీకి, గాజుపలక మీద పులిమి,
‘చూడండి భ్రమరాంబగారూ’ అంది.
చూశాను.
దీపావళి ముందు ఆదివారం రంగనాథన్ వీధి!
కడ్డీలు, పూసల దండలు,
మెలికలు తిరుగుతూ జేబుదొంగల్లా పరుగెత్తేవి.

‘అవిగో, ఆ మెలికలవాళ్ళే మీ నెత్తురుకి కారణం.
ఈ పూసలు పాతకాపులు. పసితనం నుంచీ మీ అద్దెదార్లు.
వీళ్ళలో కొందరు పులుపుని విరిచేస్తారు,
కొందరు ఆకుకూర సారాన్ని రక్తనాళాలకి పనికొచ్చేలా మారుస్తారు.
చాలామంది పని మాత్రం కూర్చోవడమే,
జాగా ఖాళీగా ఉంచకపోవడమే.’

నాకు పన్నెండు బి బస్సు గుర్తొచ్చింది.
కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టే ముసలమ్మలు,
మల్లెపూల బుట్టలు, బడిపిల్లలు.
నేను నీలం సీసాతో
బస్సంతా దింపేశాను, రోజుకి నాలుగుసార్లు.
ఖాళీ బస్సులోకి ముందు ఎక్కేదెవరు?

‘మంచివాళ్ళని కొనుక్కోవచ్చా?’
‘బిళ్ళలొస్తున్నాయి. కొందరికి నెత్తురు తగ్గిందంటున్నారు,
లెక్కలింకా తేలలేదు. పెరుగు తినండి, మంచిదే.
కానీ పెరుగు గారని కరిగించదు. అది నా పని.’
అని అరగంటసేపు నా నోట్లో రాళ్ళు కొట్టింది.
నీలం సీసా తన డ్రాయర్లో పెట్టేసుకుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదనేది మా మేనత్త,
కుళాయి దగ్గర అందరితో తగువుపడి వచ్చి.
అత్తా, నువ్వు తిరగేసి చెప్పావు.
లోపల ఊరు మంచిదైతేనే నోరు.
ఉత్తినే అన్నారా నోరూరడమని?
ఉత్తినే పెట్టారా చిగుళ్ళకి
కొమ్మ మీది లేతాకు పేరు?

ఆ రాత్రి కింది పోర్షన్ నాచ్చియారమ్మ దగ్గర
చెంచాడు తోడు అడిగి తెచ్చాను.
గోరువెచ్చని పాలలో వేసి మూత పెట్టి
కాసేపు అక్కడే నిలబడ్డాను.
తోడు. ఎంత మాట.
ఒంటరిదాన్ని కదా, ఇన్నాళ్ళూ
ఆ మాట పాలకి మాత్రమే వాడుకున్నాను.

ఆరు వారాలకి సింకు తెల్లబడింది,
ఒక్క వెనక దంతం దగ్గర తప్ప. అదింకా మొండికేస్తోంది.

నిన్న రీలు నాలుగులో
పిల్ల వానలో తడుస్తూ కెమెరాకేసి చూస్తుంది.
డైలాగు ఒక్కటే: ‘నాకెవ్వరూ లేరు.’
మొదటి టేకు బాగానే మొదలెట్టాను.
‘ఎవ్వరూ’ దగ్గర
నాలుక వెళ్ళి చిగుళ్ళని తడిమింది.
కోట్లమంది.
రుమాళ్ళు వేసుకుని, మల్లెబుట్టలు ఒళ్ళో పెట్టుకుని.

ఫక్కున నవ్వొచ్చేసింది.
‘ఏమాచ్చుక్కా?’ అన్నాడు సెల్వం హెడ్‌ఫోన్ తీసి.
‘ఏంలేదు. ఇంకోటి వెళ్దాం.’

రెండో టేకులోనూ నవ్వాను.
మూడోదానికి ఏడ్చాను గానీ,
దర్శకుడు విని, తల గోక్కుని,
‘దుఃఖం బానే ఉంది, మరీ అంత ఒంటరిగా లేదు’ అన్నాడు.