నేల మీద పడకూడనిది

ఉలియస్తైలో ఆ ఉదయం మైనస్ ముప్పై ఎనిమిది.
ఆసుపత్రి కిటికీకి లోపలివైపు కూడా మంచు పేరుకుంది.
గుర్రాల కోసం రాత్రంతా తిరిగిన గొంచిగ్ తాతను
జీపు వెనకసీట్లో పడుకోబెట్టి తెచ్చారు.
చెయ్యి పట్టుకున్నాను.
కొయ్యముక్కను పట్టుకున్నట్టుంది.

రబ్బరు పట్టీ బిగించాను. పిడికిలి మూయమన్నాను.
మోచేతి వంపులో వేలితో వెతికాను.
నరం దొరకలేదు.
అందరూ నరమనే అంటారు, నేనూ అంటాను,
నిజానికి అది సిర.
గొర్రెపిల్ల తల్లి పొట్టకిందికి దూరినట్టు
మాంసం లోతుల్లోకి దూరిపోయింది.

తప్పు దానిది కాదు.
చలి ముదిరితే ఒళ్లు ముందు చివరల్ని వదులుకుంటుంది.
వేళ్లకు వెళ్లే సన్నటి ధమనులు
కండరాన్ని బిగించి తలుపులు మూసుకుంటాయి,
ఉన్న కాస్త వెచ్చదనం
గుండెకీ కాలేయానికీ మెదడుకీ మిగలాలని.
మా ఇంట్లోనూ అంతే.
మంచు మందల్ని మింగిన ఏడాది
నాన్న ముసలి గొర్రెల్ని బయటే ఉంచి
సూడివాటిని గుడారంలోకి తోలాడు.
బయటి అరుపులు
తెల్లారేసరికి తగ్గాయి.

ధమనిని నేను మొదట చూసింది పుస్తకంలో కాదు.
అసలు చూడనే లేదు. తాకాను.
ఎనిమిదేళ్లు నాకు.
వెల్లకిలా పడుకోబెట్టిన పొట్టేలు, రొమ్ముకింద నాలుగు వేళ్ల కోత.
నాన్న తన చేతి వెంట నా చేతినీ లోపలికి తీసుకెళ్లాడు.
వేడి. నమ్మలేనంత వేడి.
వెన్నెముకను ఆనుకుని
బొటనవేలంత లావున, తడితాడులాంటిదేదో
కొట్టుకుంటోంది.
"అదే. అది తెగితే అంతా లోపలే నిండుతుంది.
నేల మీద చుక్క పడకూడదు."
కాసేపటికి నా వేళ్లకింద ఆ దరువు ఆగింది.
నేను ఏడవలేదు.
ఆ రాత్రి తినలేదు, అంతే.

తర్వాత ఉలాన్‌బాతర్‌లో కాలేజీ.
ఫార్మలిన్ గదిలో అదే తాడు, ఇప్పుడు ఒక మనిషిది,
చల్లగా, బూడిదరంగులో, పేరు పెట్టుకుని ఉంది:
బృహద్ధమని.
దుల్‌మా టీచర్ కత్తెరతో చీల్చి చూపించింది.
మూడు పొరలు.
లోపలిది పట్టుకన్నా నునుపు, రక్తం ఎక్కడా చిక్కుకోకుండా.
నడుమ కండరం, సాగే నార;
గుండె వేసిన ప్రతి దెబ్బకీ ఉబ్బి,
ఆ దెబ్బలో కొంత దాచుకుని, నెమ్మదిగా ముందుకు తోస్తుంది.
బయటిది ముతక కోటు.
సిరకీ అవే మూడు, పల్చగా.
దాన్ని తోసే గుండె దూరం.
పాదం నుంచి పైకి ఎక్కాలంటే
నడిచే పిక్క పిండాలి;
వెనక్కి జారకుండా లోపల చిన్న కవాటాలు,
ఒకవైపే తెరుచుకునేవి.
ఈ రెంటి నడుమ
ఒక్క కణం మందం గోడతో కేశనాళికలు.
ఎర్రకణాలు అందులో ఒకదాని వెనక ఒకటి
ఒళ్లు వంచుకుని దూరతాయి,
ఇరుకు కనుమలో ఒంటెల్లాగా.
బరువు దించేదీ అక్కడే, ఎత్తుకునేదీ అక్కడే.
పరీక్షలో ఇవన్నీ రాశాను.
ఆ వేడి గురించి ఎవరూ అడగలేదు.

గొంచిగ్ తాత చేతిని గోరువెచ్చటి నీళ్లలో పెట్టాను.
అరగంట.
వేళ్లు తెల్లగా, తర్వాత మచ్చలుమచ్చలుగా, తర్వాత ఎర్రగా.
ఆయన పళ్లు బిగించాడు.
రక్తం వెళ్లిపోయేటప్పుడు కాదు,
తిరిగొచ్చేటప్పుడే నొప్పి.
"గుర్రాలు దొరికాయా?"
"మూడు," అన్నాడు.
ఎన్నింటిలోనో చెప్పలేదు.

అప్పుడు లేచింది, మణికట్టుకి పైన,
నీలంగా, వంకరగా, ఇంకా నమ్మకం కుదరనట్టు.
సూది దిగింది. గొట్టంలోకి ముదురెరుపు ఎక్కింది.
తీసేటప్పుడు నా చెయ్యే తొందరపడింది.
ఒక చుక్క
సిమెంటు గచ్చు మీద పడింది.

తాత దాన్ని చూశాడు. నన్ను చూశాడు.
ఏమీ అనలేదు.
మంచం మీంచి వంగి
పొడుగంగీ చేతి అంచుతో తుడిచి,
ఆ అంచును
లోపలికి మడుచుకున్నాడు.