మాబున్ని లోతు

బెళుగుప్ప దాటినాక బస్సు దిగి
మూడు మైళ్ళు నడిస్తే జాలికుంట.
పేరులో తప్ప యాడా కుంట లేని ఊరు.
శివరాత్రి పోయిన మూడోనాడు
ఎనెస్సెస్ బ్యానరూ, రెండు బస్తాల బియ్యమూ,
స్టోర్‌రూమ్‌లో తుప్పుపట్టిన గడ్డపారలూ మోసుకొని
నలభైమందిమి పోయినాం.

ఏడు రోజుల్లో ఒక నీళ్ళగుంత తవ్వాల.
ఎంత లోతు సార్ అంటే
పెన్నోబిలేసు సారు టేపు కోసం జేబులు తడుముకొని,
మరిచొచ్చినానని ఒప్పుకోలేక,
అందరికన్నా పొట్టి పిల్లను చూపించి
"ఈ పాప మునిగేంత" అన్నాడు.

అంతకు గంట ముందు నాతో కొట్లాడిన పాప.
పదకొండుమంది ఆడపిల్లలకు ఇస్కూల్లో ఒకే బకెట్టు.
పిడి సగం నా చేతిలో, సగం మాబున్ని చేతిలో,
నీళ్ళు మాత్రం ఇద్దరి పాదాల మీద.
"టౌను దానివి, నీళ్ళ విలువ నీకేం తెలుసు" అనింది.
నేనన్నది ఇక్కడ రాయను.

మొదటిరోజు సాయంత్రం గుంతలో నిలబెడితే
గట్టు ఆమె చీలమండ దాటలేదు.
అందరం నవ్వినాం.
గరుసు నేల నవ్వలేదు.

రెండోరోజు నా అరచేతుల్లో నాలుగు బొబ్బలు.
తిప్పేస్వామి,
మూడేండ్లు నా వెనక బెంచీలోనే కూర్చున్నా
ఎప్పుడూ గొంతు వినపడనివాడు,
నా చేతిలో గడ్డపార తీసుకొని చూపించినాడు.
"నువ్వు కొట్టొద్దు. ఎత్తు. తర్వాత పడనీ.
బరువు దానికే ఉంది."

ఆ రాత్రి మాబున్ని ఏమీ అనకుండా
ఈరక్కవ్వ ఇంటినుంచి దొప్పలో ఆముదం తెచ్చి
నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది.
బకెట్టు లాక్కున్న వేళ్ళే.
"తెల్లారినాక మళ్ళా కొట్లాడదాం, పండుకో."

తెల్లారి బకెట్టు ముందు నాకే దొరికింది.
నింపి ఆమె దుప్పటి పక్కన పెట్టినాను.

మూడోరోజు మోకాలు.
నాలుగోరోజు బండ తగిలింది. మోకాలే.
రాత్రి వన్నూరప్ప సారును అనుకరిస్తా
లేని టేపు కోసం జేబులన్నీ తడుముకుంటుంటే
వెనక నిలబడి చూసిన సారే మొదట నవ్వినాడు.
కరెంటు లేదు.
జొన్నరొట్టెలో ఊరిబిండి చుట్టుకొని తింటా
ఎవరింట్లో అప్పు ఎంతో, ఎవరి చదువు ఇంతటితో ఆగుతుందో
మొగాలు కనపడవు గనక చెప్పుకున్నాం.
తిప్పేస్వామి నాయన వేయించిన బోర్లు ఏడు.
ఏది ఎన్నడుగులో వానికి నోటికొచ్చు.
మున్నూటయాభై, నన్నూటిరవై...
ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుంటా పోయినాడు.
ఏడో దాని తర్వాత
ఎవ్వరమూ ఏమీ అనలేదు.

మరుసటి పొద్దున బండ మీద మొదటి దెబ్బ మాబున్నిది.

ఐదోరోజు తొడ. ఆరోరోజు నడుము పైన.
ఏడోరోజు పొద్దుగుంకేటప్పటికి గొంతు.
తల మిగిలింది.
బస్సు వచ్చింది.
ఆమె రెండు చేతులు పైకి చాపితే
ఒకటి నేను, ఒకటి తిప్పేస్వామి పట్టి లాగినాం.
మడమ జారి ఒక బెడ్డ లోపలికి రాలింది.
తవ్విన దాంట్లో అంత పూడింది.

తర్వాత అందరికీ అయ్యేదే.
వన్నూరప్పకు గుంతకల్లులో మందుల షాపు,
తిప్పేస్వామి హిందూపురంలో లారీల లెక్కలు,
మాబున్ని ఆదోనిలో బ్యాంకు కౌంటరు.
ఫోన్లు మొదట వారానికి, తర్వాత పండక్కి,
ఆ తర్వాత "చేద్దామనే అనుకున్నా" అనే మాటకు.

మొన్న ఉత్తర కార్తెలో
ఈరక్కవ్వ మనవడు ఫొటో పంపినాడు.
ఎర్రనీళ్ళు. గట్టు మీద తడిసిన మేకలు.
కింద ఒక ముక్క:
"అక్కా, వాన బాగా పడింది. మాబున్ని గొంతుకు బెత్తెడు తక్కువ."

ఆ ఊర్లో ఇప్పుడు వానను అట్లే కొలుస్తారంట.
అర మాబున్ని. ముప్పావు మాబున్ని.
పోయినేడు చీలమండ కూడా తడవలేదంట.

ఫొటో ఆమెకు పంపి ఫోన్ చేసినాను.
నాలుగేండ్ల తర్వాత
మొదటి మాట హలో కాదు.
"ఇంకా తల మిగిలే ఉంది గదే" అనింది.
వెనక ఎవరో "మేడం, పాస్‌బుక్కు" అంటున్నారు.
"రవ్వంత ఉండు" అనింది,
నాతోనో, వాళ్ళతోనో.
ఉన్నాను.