చివరి గడి

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీకి
మార్చిలో కొత్త ప్రింటరు వచ్చింది.
పాతది పద్దెనిమిదేళ్లు అరిచి అరిచి
ఒక మధ్యాహ్నం సగం గీతలో ఆగిపోయింది.
అది అరుస్తుంటే గేటు దగ్గర కాటా వేసేవాళ్లకి కూడా
తెలిసేది, లెక్క బయటికొస్తోందని.
ఇది అరవదు.
కాస్త వేడెక్కుతుంది, మూలుగుతుంది,
తెల్లగా ఒక కాగితం చాస్తుంది.

కంప్యూటరుకి ఈ మార్పు ఎవరూ చెప్పలేదు.
దానికింకా పక్కన చిల్లులున్న వెడల్పు కాగితమే లోకం.
గీతకి నూట ముప్పై రెండు అక్షరాలు:
లాటు నంబరు, రైతు పేరు, ఊరు, రకం,
వచ్చిన టిక్కీలు, పోయినవి, అద్దె, అప్పు,
అన్నింటి చివర నిల్వ.
ఎనభై దగ్గర కాగితం అయిపోతే
మిగతాదంతా కింది గీతలోకి దిగి
పక్కవాడి పేరు నెత్తిన కూర్చుంది.
పేరేచర్ల అప్పు ప్రత్తిపాడు మీద పడింది.

బాజీ వచ్చాడు, అరండల్‌పేట నుంచి,
మెడలో తడి తువ్వాలు,
గేటు దాటగానే నాలుగు తుమ్ములు.
"ఈడ ఉంటే ప్రింటరు కూడా తుమ్ముద్ది అక్కా"
అంటూ మీటల మీద వేలు పెట్టాడు.
మెనూలో మెనూ, దాని కడుపులో ఇంకో మెనూ.
ముందు కాగితాన్ని అడ్డం తిప్పాడు.
నూట పది దాకా వచ్చింది.
అప్పు కనపడింది, నిల్వ కనపడలేదు.
"మన బతుకే గదా అది" అన్నాడు గుమాస్తా పున్నయ్య.

తర్వాత అంగుళానికి పన్నెండు అక్షరాలు.
వచ్చేసింది! గళ్లన్నీ ఒకే వరసలో.
బాజీ టీ తాగాడు.
నేను సంతకాలకి కట్ట కడుతున్నాను.

అప్పుడొచ్చాడు పెదనందిపాడు వీరరాఘవులు.
తువ్వాలు దులిపితే ఎర్ర దుమ్ము.
కాగితం చేయంత దూరంలో పట్టుకుని
"ఏందమ్మా, ఇరవై నాలుగంట?
నేను పెట్టింది రెండొందల నలభై ఎనిమిది గదా."

తెర మీద చూశాను. ఎనిమిది ఉంది.
కాగితంలో లేదు.
ఫైలుకి కుట్టడానికని ఎవరో ఎప్పుడో వదిలిన
అయిదక్షరాల ఖాళీ
ఎడమ నుంచి అందర్నీ జరుపుకుంటూ వచ్చి
చిట్టచివర నిలబడ్డ ఎనిమిదిని
అంచు మీద నుంచి తోసేసింది.
ఒక్క అంకె.
రెండొందల ఇరవై నాలుగు టిక్కీలు.
పాతదైతే కాగితం చాలకపోయినా
ఉత్త రోలరు మీదైనా ఆ ఎనిమిదిని కొట్టేది.
ఇది ఏమీ జరగనట్టు
వెచ్చటి కాగితం చేతికిచ్చింది.

ఆయన కోప్పడలేదు.
"లోపల ఉన్నయ్యి గదా?" అని మాత్రం అడిగాడు.
లోపలంటే నాలుగో గది, ఆరు డిగ్రీల చీకటి.
"ఉన్నాయి" అన్నాను, చూడకుండానే.
తర్వాత టార్చి తీసుకుని వెళ్లి లెక్కపెట్టొచ్చాను.

బాజీ అక్షరాల్ని ఇంకా కుదించాడు,
అంగుళానికి పదహారు చిల్లర.
ఇప్పుడందరూ పట్టారు. కుడి పక్కన
వేలు పెట్టేంత జాగా కూడా మిగిలింది.
అక్షరాలు మాత్రం మిరప గింజలంత.
వీరరాఘవులు కళ్ల దగ్గరికి తెచ్చి, దూరం జరిపి,
తిరిగి నాకే ఇచ్చాడు:
"నువ్వే చదువు తల్లా."
స్కేలు పెట్టి చదివాను.
రెండు. నాలుగు. ఎనిమిది.
ఎనిమిది కాస్త గట్టిగా చదివాను.

ఆ సాయంత్రం కరెంటు పోయి వచ్చింది.
ప్రింటరు అంతా మరిచిపోయి మళ్లీ నిలువుకి తిరిగింది.
సేవ్ నొక్కలేదని బాజీ ఫోన్లో నవ్వాడు.
అందుకే దాని నెత్తిన ఆ ప్లాస్టరు, నా దస్తూరీ:
అడ్డం. పదహారు. ఎడమ సున్నా. సేవ్.
దాని కింద ఎవరో, పున్నయ్యే అయ్యుంటాడు,
పెన్సిలుతో చేర్చారు:
చివరి అంకె చూడవలెను.