వంకర గీత

పర్లాకిమిడి బస్టాండు ఎనక
టైర్ల కొట్టు మీద మేడ.
రేకుల కింద నాలుగు బెంచీలు.
ఒకదానికి రెగ్జిను చిరిగి
కొబ్బరి పీచు కనపడతాది.
అది దైతారి మహారణా బెంచీ.
కొమ్ముతో కొంగలు చెక్కే మనిషి,
ఏభై ఆరేళ్ళు, బక్కపలచన,
గోళ్ళ సందుల్లో కొమ్ముపొడి.

నేను మందుల షాపులో పన్జేస్తాను.
నలభై కేజీలంటే
బియ్యం బస్తా కన్నా తక్కువే గదా అనుకున్నాను.
పడుకున్నాను.
కాళ్ళెక్కడున్నాయో నాకే తెలీదు,
ఒకటి గాల్లో, ఒకటి ఎవరిదో చెప్పు మీద.
మోచేతులు రెండూ బార్లా చాపి
రాడ్డుని మెడ దాకా దించి
అక్కణ్ణించి నిట్టనిలువుగా, రేకుల కేసి,
పైవాడికి అర్జీ ఇస్తున్నట్టు తోసేవాణ్ణి.
సగం దూరంలో
ఎడం చెయ్యి ముందెళిపోతాది,
కుడిది ఆలోచిస్తా ఉండిపోతాది.

దైతారి ముందు పడుకోడు. కూకుంటాడు.
మడమలు గుంజ పాతినట్టు పాతుతాడు.
వాలేక రెక్కల ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి
షట్టరు దించి తాళం వేసినట్టు బిగిస్తాడు.
నడుం కింద పిల్లి దూరేంత సందు.
రాడ్డుని పట్టుకోడు, తడిగుడ్డలా పిండుతాడు.
ఊపిరి తీసి లోపల దాస్తాడు.
ఇంకా బరువు కదల్లేదు,
సగం పని అయిపోయింది.

అప్పుడు దించుతాడు,
మెడ మీదకి కాదు, రొమ్ము కిందకి.
ఒక్క క్షణం ఆపుతాడు.
లేపినప్పుడు మాత్రం అది తిన్నగా ఎల్లదు,
మొహం కేసి వాలుతా, వంకరగా ఎల్తాది.

ముసలోడికి చెయ్యి తప్పిందని నవ్వేను.
ఉపేంద్ర గమాంగో ఫోన్లో తీసేడు ఇద్దర్నీ.
మందుల బిల్లు ఎనకాల పెన్నుతో గీసి చూసేను,
నాది తాడు కట్టి లాగినట్టు నిలువు గీత.
ఆయనది కొంగ మెడ.

ఒక గురువారం ఏభై కేజీలు
నా గుండెల మీద కూకుండిపోయేయి.
రైలుగేటు పడినట్టు.
అటూ ఇటూ ఏదీ ఎల్లదు.
దైతారి వచ్చేడు. ఎత్తలేదు.
రెండేళ్ళు రాడ్డుకి ఆన్చి
నా కళ్ళ వైపు కాస్త నెట్టేడంతే.
"ఉపరకు నుహెఁ, పఛకు."
పైకి గాదు, ఎనక్కి.
భుజం మీదకి తెచ్చీసుకో,
అక్కడ కండతో పన్లేదు, ఎముక మోస్తాది.

మర్నాడు వాళ్ళ కార్ఖానాకి ఎళ్ళేను.
బొగ్గుల మీద కొమ్ము కాగుతోంది,
జుట్టు కాలిన వాసన.
ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగేను.
కుడిచేత్తో ఆకురాయి పైకెత్తబోయేడు,
చెవి దాకా ఎత్తి ఆగిపోయేడు.
"నీలాగే పదకొండేళ్ళు తోసేను" అన్నాడు
తెలుగులో, నా యాసలోనే.
ముసురు పట్టిందంటే ఆ చెయ్యి
చొక్కా తొడుక్కోడానికి కూడా రాదంట.

నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

శనివారం చిల్లలన్నీ తీసీసేను.
ఉత్త రాడ్డు, ఇరవై కేజీలు.
కాలేజీ కుర్రాళ్ళు చూస్తన్నారు, చూడనీ.
కూకున్నాను. చెప్పులిప్పేను.
ఎడం మడమ కింద
సిమెంటు చల్లగా తగిలింది.