పురుగు డిజైను

మిషను బంగళా సామాను వేలం వేసిన రోజు
బీరువాలు భీమవరం వాళ్ళు పట్టుకెళ్ళారు.
పుస్తకాలు కాటాకెక్కాయి.
నాలుగు దారపుండల డబ్బు పోసి నేనొకటి తెచ్చుకున్నాను,
బొమ్మలున్నాయని.
బరువుగా ఉందని కూడా;
తడిపిన లేసు చదును కావాలంటే మీద బరువుండాలి.

మూడు నెలలు అది ఆ పనే చేసింది.

ముసురు పట్టిన ఓ పూట, దారం నిండుకుని
ఊరికే తెరిచాను.
బొమ్మ బొమ్మ మీదా ఉల్లిపొర కాగితం.
ఎత్తితే
గుమ్మటం భుజమెక్కిన గుమ్మటాలు,
సన్నటి పడవలు, మెట్ల మీద కాఫీ కాచే ముసలాడు,
తలపాగాల కింద
ఎక్కడికీ తొందర లేని మొహాలు.
నీళ్ళంటే నీళ్ళు కావు, గీత పక్కన గీత,
మధ్యలో వదిలేసిన తెలుపు.
మా పనే. కాకపోతే నల్ల దారంతో.
పొర దించితే
మంచు దిగిన తెల్లారుజామున
సఖినేటిపల్లి గట్టు కనబడ్డట్టు.

ఒకప్పుడు తెడ్డేసి, ఇప్పుడు పంటు మీద టిక్కెట్లు కోసే
సత్తిరాజు చూసి నవ్వాడు:
"గీసినోడు పడవెక్కాడు గానీ తెడ్డు పట్టలేదే.
పోటటు, తెడ్డిటు.
ఈపాటికి అందరూ మునిగుండాలి."
మస్తాన్‌బీ మీనార్లు లెక్కపెట్టి, బుగ్గ నొక్కుకుంది:
"ఒక్క మసీదుకి ఇన్నా!
మా రెంటికీ సున్నం చందాలే చాలట్లేదు."

కింద అక్షరాలు ఏడో తరగతి ప్రభుదాసు కూడబలుక్కున్నాడు:
కాన్... స్టాంటి... నోపుల్.
ఆ పేరుతో ఇప్పుడు ఊరు లేదని
మర్నాడు మాస్టార్నడిగొచ్చి చెప్పాడు, బెంగగా.
లేకపోతే ఏం?
మా మాధవాయిపాలెం పేరు ఓడలెక్కి
గుడ్డకి పేరై ఎక్కడెక్కడో తిరిగిందట,
ఊరేమో గజం గజం గోదాట్లోకి జారింది.

నలభై ఒకటో బొమ్మ దగ్గర నా వేళ్ళు ఆగాయి.
నీటి మీదకి వంగిన మేడ.
కిటికీకి చెక్క జల్లెడ.
వెనక ఓ ఆడమనిషి: మొహం లేదు, మణికట్టు దాకా చెయ్యి.
బొమ్మ గీసినాయన్ని గుమ్మం దాటనివ్వలేదు కాబోలు.
ఆమె సంగతి నాకెందుకు, జల్లెడ సంగతి చూశాను.
ఏడు చైన్లు, మూడు ట్రిబుళ్ళు,
ఓ గడి వదిలి మళ్ళీ ఏడు.
నాలుగో వరసలో కుడి పక్కన ఒక గడి మరీ పెద్దది.
అదీ వేశాను. చూసింది చూసినట్టు వెయ్యడమే
చిన్నప్పట్నుంచీ నేర్చిన విద్య.

ఇరవై రెండు రోజులు.
ఏజెంటు జోగారావు వెలుగుకేసి పట్టి చూశాడు.
"ఇదేంటి, చిరుగా?"
"కాదండీ, డిజైను."
"కేటలాగులో లేదు," అని నా ఒళ్ళోకే విసిరాడు.

ఇంటికొచ్చి మళ్ళీ చూశాను, ఈసారి అద్దాలు పెట్టుకుని.
పేజీ తిప్పాను.
అదే కన్నం కాఫీ గిన్నెలో.
ఇంకోటి తిప్పాను. సముద్రంలో.
ఆ వెనక ఓ గుర్రం కంట్లో.
ఏ బంగళా వానాకాలంలోనో ఒక పురుగు
ఎవరినీ దారడక్కుండా
ఆ దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి తినుకుంటూ పోయింది.

విప్పుదామని సూది తీశాను.
విప్పలేదు.

ఇప్పుడు మా వరసలో ఆరుగురు వేస్తున్నారు దాన్ని.
రాములమ్మ మనవరాలు పాఠం అప్పజెప్పినట్టు లెక్క కడుతుంది:
ఏడు, మూడు, ఏడు, పురుగు.
ఎవరూ కొనరు. గూళ్ళకీ టీవీలకీ కప్పుకుంటారు.

పుస్తకం మళ్ళీ బరువు పనిలో ఉంది.
నా ముక్క రేవు వైపు కిటికీకి కట్టాను.
పొద్దువాలేటప్పుడు దాని వెనక కూర్చుని
ఆ ఒక్క పెద్ద గడికి కన్ను ఆనించి చూస్తాను,
పంటు ఇవతలికొచ్చిందో లేదో.